కొత్త కుక్కపిల్లను దగ్గరికి రానివ్వని పెద్ద కుక్క: రెండింటినీ ఒకే ఇంట్లో ఉంచడం సాధ్యమేనా?

సముద్రపుగాలి (విశాఖపట్నం)

అందరికీ నమస్కారం. మా ఇంటి కుక్క పేరు చిట్టి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను విశాఖను కుదిపేసిన వారం రోజులకు, మా వీధి చివర కూలిన చెట్టు కొమ్మల కింద తడిసి ముద్దయి మా వారికి దొరికింది. అప్పుడది రెండు అరచేతుల్లో ఇమిడిపోయేంత పిల్ల. ఇప్పుడు దానికి 10 ఏళ్లు దాటాయి. మనుషులతో ఎంత నెమ్మదో తోటి కుక్కలతో అంత కటువు. రెండేళ్ల వయసులో నాలుగు వీధికుక్కలు చుట్టుముట్టి మెడ మీద కరిచిన నాటి నుంచి ఏ కుక్క ఎదురైనా ఒళ్లంతా బిగబట్టి నిలబడిపోతుంది. అందుకే ఇన్నేళ్లుగా వీధులు ఖాళీగా ఉండే తెల్లవారుజామున 5 గంటలకే దాన్ని నడకకు తీసుకువెళుతున్నాము.

పది రోజుల క్రితం మా అపార్ట్‌మెంటు ఎదుట ఒక తల్లికుక్క వాహనం కింద పడి చనిపోయింది. దాని పిల్లల్లో మిగిలినది ఒక్కటే, మగపిల్ల. పశువుల డాక్టరు గారు పళ్లు చూసి వయసు సుమారు 8 వారాలు ఉండవచ్చని చెప్పారు. మా అమ్మాయి దాన్ని మూడో అంతస్తులోని మా ఇంటికి తెచ్చి లడ్డు అని పేరు పెట్టింది.

మొదటి రోజే మేము పెద్ద పొరపాటు చేశాము. ఒకదాన్నొకటి చూసుకుంటే అవే కలిసిపోతాయని అనుకొని, చిట్టి హాల్లో పెరుగన్నం తింటున్న సమయంలో పిల్లను నేల మీద వదిలాము. అది తోక ఊపుకుంటూ తిన్నగా గిన్నె దగ్గరికి వెళ్లింది. చిట్టి తినడం ఆపింది గానీ తల ఎత్తలేదు. మూతి గిన్నెలోనే ఉంచి కనుగుడ్లు మాత్రం పక్కకు తిప్పింది, కంటి తెలుపు అర్ధచంద్రంలా కనిపించింది. గొంతులోంచి సన్నగా గుర్రుమంది. నేను “ఏయ్, తప్పు” అని గద్దించాను. గుర్రు ఆగిపోయింది. ఆ మరుక్షణమే అది పిల్ల మూతిని నోట కరుచుకొని వదిలింది. రక్తం రాలేదు, గాయం కూడా కాలేదు, కానీ ఆ పిల్ల పెట్టిన కేకలకు పక్కింటివారు సైతం వచ్చి చూశారు.

అప్పటి నుంచి పిల్ల మా పడకగదిలో, చిట్టి హాల్లో ఉంటున్నాయి. చిట్టి దివాన్ కింద నుంచి పెద్దగా బయటికి రావడం లేదు. పిల్ల అరిచినప్పుడల్లా లేచి తలుపు దగ్గరికి వెళ్లి, కింది సందులోంచి వాసన చూసి, వెనక్కి వచ్చి పడుకుంటోంది. ఇంట్లో 78 ఏళ్ల మా అత్తయ్యగారు కూడా ఉన్నారు. కుక్కలు కాళ్ల మధ్య పరుగులు తీస్తే ఆమె పడిపోతారేమోనన్న భయం వేరే ఉంది. ఈ రెండింటినీ కలపడానికి సరైన పద్ధతి ఏమిటి? ఇంత వయసు వచ్చిన, ఇంత ఒంటరితనానికి అలవాటు పడిన కుక్క మీద ఈ భారం పెట్టడం న్యాయమేనా? పెంచినవారు దయచేసి చెప్పగలరు.

గోదారిగట్టు (రాజమహేంద్రవరం)

అమ్మా, ముందుగా ఒక మాట. మీరు గద్దించినప్పుడు ఆగిపోయినది గుర్రు మాత్రమే. దాని వెనకున్న భయం అలాగే ఉండిపోయింది. కుక్కకు గుర్రు అనేది నోరు తెరిచి చెప్పే మాట. “ఇంకొక్క అడుగు వేయకు” అని అది మర్యాదగానే చెప్పింది, మీరు ఆ మాట చెప్పవద్దన్నారు, దానితో మిగిలిన దారి ఒక్కటే అయింది. అయినా చిట్టి గాయం చేయకుండా వదిలిపెట్టింది. పదేళ్ల కుక్క తన పళ్ల బలం ఎంతో తెలిసి, ఎంత వాడాలో అంతే వాడింది. నేను ఇరవై ఏళ్లకు పైగా కుక్కలను పెంచుతున్నాను. మీరు రాసినది చదివాక నాకు చిట్టి మీద నమ్మకమే కలిగింది. ఇకమీదట అది ఎప్పుడు గుర్రుమన్నా దాన్ని ఒక్క మాట అనకుండా, వెంటనే పిల్లను అక్కడి నుంచి తీసివేయండి. తన మాట వినేవారు ఇంట్లో ఉన్నారని దానికి తెలియాలి.

ఇప్పుడు వాటిని విడిగా ఉంచారు కనుక మంచి పని చేశారు. ఇంకొన్నాళ్లు అలాగే, ఒకదానికొకటి కనిపించకుండా ఉంచండి. ఆ రోజుల్లో చిట్టి దినచర్యలో ఒక్క మార్పు కూడా రాకూడదు. అదే 5 గంటల నడక, అదే గిన్నె, అదే చోటు, రాత్రి మీరు దాని పక్కన కూర్చునే ఆ పది నిమిషాలు కూడా. పిల్ల వచ్చిన ఇంట్లో అందరి కళ్లూ పిల్ల మీదే ఉంటాయి, పెద్ద కుక్కకు పోయేది ముందుగా ఈ చిన్న చిన్న అలవాట్లే.

మొదటి పరిచయం ముక్కు ద్వారా జరగాలి. పాత నూలు చీర నుంచి రెండు ముక్కలు చింపి, ఒకటి పిల్ల పడుకునే చోట, మరొకటి చిట్టి పడుకునే చోట రెండు రాత్రులు పరిచి, తర్వాత మార్చి వేయండి. పిల్ల గుడ్డను చిట్టి మూతి దగ్గరికి తీసుకువెళ్లవద్దు. నాలుగడుగుల దూరంలో నేల మీద వేసి, దాని చుట్టూ ఉడికించిన కోడిమాంసం ముక్కలు నాలుగు చల్లి, మీరు పక్కకు వెళ్లిపోండి. మా పాత కుక్క మొదటి రోజు ఆ గుడ్డను చూసి చుట్టూ తిరిగి వెళ్లిపోయింది. రెండో రోజు మెడ సాగదీసి, వెనక కాళ్లు మాత్రం వెనక్కే ఆనించి ఉంచుకొని వాసన చూసింది. నాలుగో రోజు దాని మీద కాలు వేసి నడిచి వెళ్లింది. గుడ్డను పట్టించుకోవడం మానేసిన రోజున తర్వాతి మెట్టు ఎక్కవచ్చు.

ఆ తర్వాతది చూపు. పడకగది గుమ్మానికి నడుము ఎత్తున ఊచల గేటు పెట్టించండి. వడ్రంగి చేత చేయించినా సరే, పసిపిల్లల కోసం అమ్మే గేటైనా సరే, ఊచల మధ్య పిల్ల తల దూరనంత సన్నని సందులు ఉండాలి. మొదట్లో గేటు కింది సగానికి దుప్పటి కట్టండి. చిట్టి హాలు ఆ చివరన ఉండగా దుప్పటి కాస్త తొలగించండి. పిల్ల కనిపించగానే చిట్టికి మాంసం ముక్కలు ఒకదాని తర్వాత ఒకటి అందాలి, దుప్పటి వేయగానే అవి ఆగిపోవాలి. ఇలా రోజుకు రెండు మూడు సార్లు, ఒక్కోసారి రెండు నిమిషాలకు మించకుండా చేస్తూ ఉంటే, ఆ పిల్ల కనిపించడం తనకు మంచి శకునమని కొంతకాలానికి దానికే అనిపిస్తుంది. ఎంత దూరంలో ఉంచాలో చిట్టే చెబుతుంది: ముక్కను నోట పెట్టుకోకుండా వదిలేసినా, మెల్లగా తినేది లాక్కున్నట్టు తిన్నా దూరం చాలలేదని అర్థం. అప్పుడు ఇంకా వెనక్కి జరగండి. ఆవులించడం, పెదవులు నాక్కోవడం, ముఖం పక్కకు తిప్పుకోవడం కూడా అటువంటి మాటలే. ఇవి అలసటో ఆకలో అనుకొని చాలామంది పొరబడతారు.

గేటు దగ్గర రెండూ నెమ్మదిగా ఉంటున్నాయని వారం పది రోజులు వరసగా అనిపించాకే ఒకే గదిలోకి తీసుకురండి. పిల్ల బాగా ఆడి, పాలు తాగి, కళ్లు మూతలు పడుతున్న వేళ చూసుకోండి. నిద్రమత్తులో ఉన్న పిల్ల మీద పెద్ద కుక్కకు కోపం రావడం తక్కువ. రెండింటికీ తాడు ఉండాలి గానీ తాడు వదులుగా వేలాడాలి; మనం బిగించి పట్టుకుంటే ఆ బిగువు మెడ ద్వారా కుక్కకు చేరి, ఏదో ప్రమాదం ఉందని దానికి నమ్మకం కలుగుతుంది. వాసన చూసుకోవడానికి ఇద్దరికీ మూడు క్షణాలు ఇచ్చి, సంతోషంగా పిలిచి విడదీయండి. గిన్నెలు, ఎముకలు, బొమ్మలు ఆ గదిలో ఏవీ ఉండకూడదు. తిండి దగ్గర జరిగిన గొడవ కనుక భోజనాలు ఇక జీవితాంతం వేర్వేరు గదుల్లోనే జరగనివ్వండి.

చివరిగా, దివాన్ కింద నుంచి చిట్టిని లాగవద్దు. కాకపోతే కింద దూరే చోటు రేపు పిల్ల కూడా దూరగల చోటే. పిల్ల ఎక్కలేని ఎత్తులో, దివాన్ మీద ఒక మూలన, దానికి పక్క వేసి అలవాటు చేయండి. ఎక్కడానికి ఇబ్బంది పడితే చిన్న పీట వేయండి.

కొబ్బరితోట (పాలకొల్లు)

పైన రాసినదంతా మంచిదే గానీ, ఇంత అవసరమా అన్నది నా సందేహం. మా పెరట్లో ఎప్పుడూ మూడు నాలుగు కుక్కలు ఉంటాయి. కొత్త పిల్ల వచ్చినప్పుడు పెద్దది ఒకటి రెండు సార్లు మూతి మీద కొడుతుంది, పిల్ల వెల్లకిలా పడుకుంటుంది, ఎవరు పెద్దో తేలిపోతుంది, నాలుగు రోజుల్లో అన్నీ ఒకే చోట పడుకుంటాయి. మనం మధ్యలో దూరితేనే వాటి లెక్క చెడుతుందని మా నాన్నగారు అనేవారు. వాటిని వాటికి వదిలేయడమే మేలని నా అభిప్రాయం.

గోదారిగట్టు (రాజమహేంద్రవరం)

కొబ్బరితోట గారూ, మీ పెరట్లో మీరు చూసినది నిజమే, నేను కాదనను. మా తాతగారి ఊళ్లో నేనూ అదే చూశాను. కానీ మీ పెరట్లో ఇష్టం లేని కుక్క గడ్డివాము వెనక్కి పోవచ్చు, చేల గట్టు మీద పడుకోవచ్చు, సాయంత్రం అన్నం వేళకు తిరిగి రావచ్చు. అక్కడ గొడవలు చిన్నవిగా ముగియడానికి కారణం పెద్ద కుక్క పెత్తనం కన్నా ఆ చోటే. మూడో అంతస్తులో రెండు గదుల ఇంట్లో చిట్టి ఎక్కడికి పోతుంది? తప్పుకునే దారి లేని కుక్క ఎదిరించక తప్పదు. పైగా మీ కుక్కలు చిన్ననాటి నుంచి ఇతర కుక్కల మధ్య పెరిగినవి. కుక్కపిల్ల ఈ లోకాన్ని, తోటి కుక్కలను అలవాటు చేసుకునే కాలం సుమారు 3 వారాల నుంచి 12, 14 వారాల దాకా ఉంటుంది. చిట్టికి ఆ కాలం తుపాను తర్వాత ఒక ఇంటి లోపల గడిచింది, తర్వాత ఎదురైన మొదటి పాఠం కాట్లు.

ఎవరు పెద్దో తేలాలన్న మాట గురించి కూడా ఒక్క సంగతి. గుంపుకు ఒక నాయకుడు ఉంటాడని, తక్కినవి అతనికి లొంగి ఉంటాయని చెప్పే ఆలోచన స్విట్జర్లాండులోని బాసెల్ జంతుప్రదర్శనశాలలో బంధించిన తోడేళ్లను చూసి రుడాల్ఫ్ షెంకెల్ 1947లో రాసిన వ్యాసం నుంచి ప్రచారంలోకి వచ్చింది. తోడేళ్ల పరిశోధకుడు డేవిడ్ మీచ్ 1970లో తన పుస్తకంలో దానికే బలం చేకూర్చి, తర్వాత కెనడాలోని ఎల్స్‌మియర్ దీవిలో స్వేచ్ఛగా తిరిగే తోడేళ్లను ఏళ్ల తరబడి గమనించి, ఆ గుంపులు తల్లిదండ్రులూ పిల్లలూ కలిసి ఉండే కుటుంబాలేనని, ఆ పాత మాట వాటికి సరిపోదని 1999లో తానే రాశారు. పరిచయం లేని జంతువులను తప్పించుకోలేని ఆవరణలో కలిపి ఉంచితే కనిపించినది అది. మనం ఫ్లాటులో చేయకూడని పని సరిగ్గా అదే కదా.

మోతాదులో ఉన్న మందలింపును నేను ఆపమనడం లేదు. గుర్రుమనడం, గాలిలో నోరు టక్కుమనిపించడం, మూతితో తోసేయడం, ఇవన్నీ పిల్ల నేర్చుకోవలసిన భాషే. వెంటాడి పట్టడం, కిందపడేసి విదిలించడం, రక్తం వచ్చేలా కరవడం, అన్నిటికన్నా ముఖ్యంగా చప్పుడు చేయకుండా కదలని చూపుతో పిల్లనే వెంబడించడం కనిపిస్తే ఆ రోజుకు అంతా ఆపేసి గేటు వేయాలి.

పశువైద్యుడు (కరీంనగర్)

పద్ధతి గురించి పెద్దలు చక్కగా చెప్పారు. నేను రెండు కుక్కల ఆరోగ్యం గురించి మాత్రమే రాస్తాను, ఎందుకంటే ఇటువంటి కేసుల్లో చాలామంది దాన్ని చివరికి గుర్తు చేసుకుంటారు.

10 ఏళ్లు దాటిన కుక్క పిల్లను సహించడం లేదంటే, అది స్వభావమే అని తేల్చుకునే ముందు నొప్పి ఉందేమో చూడాలి. తుంటి కీళ్లు అరిగిన కుక్కకు, కుక్కపిల్ల వచ్చి వెనక కాళ్ల మీద పడటమంటే మనకు వాచిన మోకాలి మీద ఎవరో కూర్చున్నట్టు ఉంటుంది. పొద్దున లేచేటప్పుడు ముందు కాళ్ల మీద లేచి వెనక భాగాన్ని ఈడుస్తోందా, మెట్ల దగ్గర ఆగి ఆలోచిస్తోందా, నడకలో వెనక గోళ్లు నేలకు రాసుకుంటున్న చప్పుడు వస్తోందా, ఒకే కీలును పదేపదే నాకుతోందా అన్నది గమనించండి. నోట్లో పుచ్చిన పన్ను, చెవిలో చీము, కంట్లో శుక్లం, థైరాయిడ్ లోపం, మన ప్రాంతంలో పిడుదుల వల్ల తరచుగా వచ్చే ఎర్లీషియా, బబేసియా జ్వరాలు, ఇవన్నీ కుక్కను చిరాకు మనిషిలా మారుస్తాయి. ఒక రక్తపరీక్ష, అవసరమైతే తుంటికి ఎక్స్‌రే తీయించండి. నొప్పి ఉందని తేలినా మనుషులు వాడే నొప్పి మాత్రలు ఇంట్లోంచి తీసి వేయవద్దు. ఐబుప్రోఫెన్, పారాసిటమాల్ కుక్కలకు ప్రాణాంతకం కావచ్చు. వాటికి వేరే మందులు ఉన్నాయి.

ఇక పిల్ల సంగతి. తల్లికి టీకాలు వేసి ఉండరు కనుక పార్వో, డిస్టెంపర్ అనే అంటువ్యాధుల భయం నిజంగానే ఉంది. మొదటి రెండు వారాలు విడిగా ఉంచడం పరిచయం కోసమే కాక ఈ కారణంగా కూడా అవసరం. టీకా 6 నుంచి 8 వారాల వయసులో మొదలుపెట్టి, 3 నుంచి 4 వారాలకు ఒకటి చొప్పున 16 వారాలు నిండే దాకా వేయాలి. రేబిస్ టీకా 3 నెలలు నిండగానే. నట్టల మందు ఈ వయసులో రెండు వారాలకోసారి ఇస్తాము. టీకాలు పూర్తి కాకుండా వీధికుక్కలు తిరిగే మట్టిలో దాన్ని దించవద్దు, చేతుల్లో ఎత్తుకొని ప్రపంచాన్ని చూపించండి. వీధికుక్కలు ఎక్కని డాబా ఉంటే సాయంత్రం నేల చల్లబడ్డాక అక్కడ నడిపించవచ్చు, రెండింటినీ దూరదూరంగా ఒకే దిక్కుకు నడిపించడానికీ అదే మంచి చోటు. పార్వో వైరస్ నేల మీద నెలల తరబడి బతుకుతుంది, మామూలు ఫినాయిలుకు చావదు. ద్రవరూపంలో దొరికే బ్లీచును 1 పాలుకు 30 పాళ్ల నీళ్లు కలిపి తుడిస్తే చస్తుంది. చిట్టికి ఏటా వేయించే టీకాల గడువు కూడా ఒకసారి చూసుకోండి.

మీ అమ్మాయికి ఒక జాగ్రత్త. వీధి నుంచి వచ్చిన, టీకా లేని పిల్ల ఆటలో పళ్లు గుచ్చి చర్మం చిట్లినా దాన్ని గీరుడు అని వదిలేయవద్దు. ధారగా పడే నీటి కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి, అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. చర్మంలో వేసే రేబిస్ టీకా 0, 3, 7, 28 రోజుల్లో నాలుగు సార్లు వేస్తారు, ప్రభుత్వాసుపత్రుల్లో అది ఉచితం. ఎప్పుడైనా రెండూ నిజంగా కలబడితే మధ్యలో చేయి పెట్టవద్దు. ఒక అట్టనో పీటనో వాటి మధ్యకు దూర్చండి, లేదా మందపాటి దుప్పటి కప్పండి.

సముద్రపుగాలి (విశాఖపట్నం)

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. డాక్టరు గారూ, మీరు రాసిన గోళ్ల చప్పుడు గురించి చదవగానే నా గుండె ఆగినంత పనయింది. నెలల తరబడి తెల్లవారుజామున ఖాళీ రోడ్డు మీద ఆ గరగర శబ్దం వింటూనే ఉన్నాను. గోళ్లు పెరిగాయని అనుకొని కత్తిరిస్తూ వచ్చాను. రేపే తీసుకువెళుతున్నాను. మా అమ్మాయి చేతికి పిల్ల పళ్లు తగిలి గీత పడింది. ఈ సాయంత్రమే మొదటి టీకా వేయించాము.

ఒక సంగతి మాత్రం మనసులో తొలుస్తూనే ఉంది. ఇవన్నీ చేశాక కూడా చిట్టి ఒప్పుకోకపోతే ఏమి చేయాలి?

మంజీర (సంగారెడ్డి)

ఆ ప్రశ్నకు జవాబు చెప్పవలసినది నాలాంటివారే అనుకుంటున్నాను, ఎందుకంటే మా ఇంట్లో అది కుదరలేదు.

మా అబ్బాయి చదువు కోసం వెళ్లిపోయాక, 12 ఏళ్ల మా పొమెరేనియన్ బెంగ పెట్టుకుందని, దానికి తోడు ఉంటుందని లాబ్రడార్ పిల్లను తెచ్చాము. తోడు అవసరమైనది మాకేనని ఇప్పుడు నాకు తెలుస్తోంది. పిల్ల మూడు నెలలకే దానికన్నా పెద్దదైపోయింది. ఆట పేరుతో దాని మీద పడేది, ఎత్తు మీద కూర్చోబెడితే ముందు కాళ్లు ఆనించి మొరిగేది. మా ముసలిది ఎన్నడూ కరవలేదు. అందుకే అంతా బాగానే ఉందని మేము అనుకున్నాము. అది గోడ వైపు ముఖం పెట్టి పడుకోవడం, గిన్నె దగ్గరికి రాకపోవడం, పన్నెండేళ్లలో ఎన్నడూ లేనిది గదిలో మూత్రం పోయడం, వీటన్నిటినీ ముసలితనం ఖాతాలో వేశాము. నాలుగో నెలలో అది దాదాపు రెండు కిలోలు తగ్గింది, దాని ఒంటికి అది చాలా ఎక్కువ.

చివరికి లాబ్రడార్‌ను సిద్దిపేట దగ్గర పొలం ఉన్న మా బంధువులకు ఇచ్చాము. ఇచ్చిన రోజు మా ఇంట్లో ఎవరమూ అన్నం తినలేదు. కానీ అది అక్కడ చెరువులో ఈదుతూ, పిల్లలతో పరుగెడుతూ హాయిగా ఉంది. మా ముసలిది ఆ తర్వాత ఏడాదిన్నర బతికింది. పిల్ల వెళ్లిన మూడో రోజున వచ్చి మళ్లీ గుమ్మంలో తన పాత చోటులో, ఎండ పడే మూలన పడుకుంది. ఆ దృశ్యం నేను మరిచిపోలేను.

మీకు చెప్పేది ఏమిటంటే, ఇప్పుడే ఒక గడువు పెట్టుకోండి, రెండు నెలలో మూడు నెలలో. ఆ గడువులో చిట్టి తింటోందా, నిద్రపోతోందా, తన పాత చోట్లకు తానే వస్తోందా అన్నది రోజూ ఒక కాగితం మీద రాయండి, బరువు పక్షానికోసారి చూడండి. ఈలోగా లడ్డును తీసుకునే మంచి ఇల్లు ఒకటి మనసులో ఉంచుకోండి. నాలుగు నెలల లోపు పిల్ల కొత్త ఇంటికి సులువుగా అలవాటు పడుతుంది. ఏడాది కుక్కను తీసుకునేవారు దొరకడం కష్టం. కరవకపోవడాన్ని ఒప్పుకోవడం అనుకోవద్దు, మేము చేసిన తప్పు అదే.

సముద్రపుగాలి (విశాఖపట్నం)

ఐదు వారాల తర్వాత రాస్తున్నాను. ఆలస్యానికి మన్నించండి.

ఎక్స్‌రేలో చిట్టి తుంటి రెండు వైపులా అరిగినట్టు తేలింది. మందు మొదలుపెట్టిన పది రోజులకు గోళ్ల చప్పుడు తగ్గింది, దివాన్ మీదికి పీట సాయంతో ఎక్కుతోంది. అంటే ఆ రోజు గిన్నె దగ్గర అది కాపాడుకున్నది అన్నాన్ని ఒక్కదాన్నే అయి ఉండదు. మంజీర గారు చెప్పిన కాగితం మా ఫ్రిజ్ మీద అతికించి ఉంది. రాసే బాధ్యత మా అత్తయ్యగారు తీసుకున్నారు. మొదటి వారం “తినలేదు, సగం తిన్నది, దివాన్ కింద” అని ఉంటుంది. నాలుగో వారం నుంచి “తిన్నది” అన్న మాట ఒక్కటే వరసగా కనిపిస్తుంది. బరువు తగ్గలేదు.

చీర ముక్కకు మా ఇంట్లో తొమ్మిది రోజులు పట్టింది. గేటుకు కట్టిన దుప్పటి తీయడానికి మరో రెండు వారాలు. మధ్యలో ఒకసారి, పక్క వీధి పెళ్లిలో బాణసంచా కాల్చిన రాత్రి, చిట్టి గేటు మీదికి దూకి మొరిగింది. దానితో నాలుగు రోజులు వెనక్కి వెళ్లి మళ్లీ దుప్పటి కట్టాము. దీపావళికి ముందే ఇదంతా ఒక దారిన పడాలన్నది మా ఆశ.

గత గురువారం మధ్యాహ్నం జరిగినది మీతో చెప్పాలి. చిట్టి తానుగా హాలు దాటి వచ్చి, గేటుకు వీపు ఆనించి పడుకుంది. ఇన్నేళ్లలో అది ఏ కుక్కకూ వీపు చూపించి పడుకోగా నేను చూడలేదు. దాని తోక చివర ఊచల సందులోంచి అవతలికి పోయింది. లడ్డు వచ్చి, ముందు కాళ్లు చాచి నడుము పైకెత్తి ఆటకు పిలిచాడు, జవాబు రాకపోయేసరికి కూర్చున్నాడు, తర్వాత మెడ చాచి ఆ తోకను వాసన చూశాడు. నేను వంటింటి గుమ్మంలో గరిట పట్టుకొని ఊపిరి బిగబట్టి నిలబడ్డాను. చిట్టి ఒక చెవి వెనక్కి తిప్పింది. తోకను మెల్లగా తన వైపు లాక్కుంది. గుర్రుమనలేదు, లేవలేదు. పెద్దగా ఒక నిట్టూర్పు విడిచి కళ్లు మూసుకుంది. కొబ్బరితోట గారూ, అది మీ పెరట్లో నాలుగు రోజుల్లో అయ్యే పనే కావచ్చు, మాకు మాత్రం ఐదు వారాలు పట్టింది.

ఇప్పుడు రోజుకు రెండు సార్లు, తాళ్లు వదులుగా కట్టి, ఐదేసి నిమిషాలు ఒకే గదిలో ఉంచుతున్నాము. భోజనాలు వేరు, రాత్రి గేటు వేసే ఉంటుంది, అత్తయ్యగారు లేచి నడిచే సమయాల్లో లడ్డు లోపలి గదిలోనే ఉంటాడు. రేబిస్ టీకా వేయించాము, ఆఖరి బూస్టరు ఇంకో రెండు వారాల్లో ఉంది. డాక్టరు గారూ, మగపిల్ల కదా, ఎదిగాక చిట్టి వీడిని ఇంకా సహిస్తుందా అన్నది ఇక మిగిలిన సందేహం.

పశువైద్యుడు (కరీంనగర్)

చాలా సంతోషం. మీ సందేహం సరైనదే: 6 నుంచి 8 నెలల మధ్య పిల్ల యవ్వనంలోకి వస్తాడు, అప్పటి దాకా పసిదని ఊరుకున్న పెద్ద కుక్క ఆ వయసులో మందలింపు పెంచుతుంది, వాడూ ఎదురుచెప్పడం మొదలుపెడతాడు. మగ, ఆడ జత కావడం మీకు కొంత అనుకూలం. తీవ్రమైన గొడవలు ఒకే లింగానికి చెందిన కుక్కల మధ్య ఎక్కువగా చూస్తాము. చిట్టికి గర్భసంచి ఆపరేషను అయిందో లేదో రాయండి, దాన్ని బట్టి లడ్డు ఆపరేషను ఎప్పుడు చేయించాలో మీ డాక్టరుతో మాట్లాడుకోవచ్చు. గేటు మాత్రం ఏడాది నిండే దాకా తీయించవద్దు.